యంత్రపు రిజిస్టరులో తెలుగు పంక్తి

చిట్టాలో పేరు లేనివాడు తాను దున్నుకొను చెక్కకు తానే హక్కుదారుడనని చెప్పుకొనుట ఎంత కష్టమో మన పల్లెలలో తెలియనివారు లేరు. తాతలనాటినుండి ఆ మడిలో నాట్లు వేయుచున్నను, గట్టుమీది చింతచెట్టు తన తండ్రి నాటినదే యైనను, కచేరీ పుస్తకమున ఒక పంక్తి లేకున్నచో అతని మాటకు బలము లేదు. బడిలో చేరు పిల్లల సంగతియు నట్టిదే. ప్రవేశపు రిజిస్టరులో మాతృభాష యను గడి యొకటి యుండును. తొలినాడు అందు వ్రాసిన మాట ఆ బిడ్డ వెంట చదువు ముగియువరకు నడచును. తెలుగువారు కొలదిగా నుండు ఈ సీమలో రిజిస్టరు విలువ యెట్టిదో మనకు వేరొకరు నేర్పనక్కరలేదు.

రాయగడ జిల్లాలోని కల్యాణసింగ్‌పూరు ఒకప్పుడు జయపురము జమీందారీలోని భూమి. ఆ జమీందారీ మద్రాసు రాజధానికి చెందిన విశాఖపట్నము జిల్లాలో నుండెడిది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా వేరు రాష్ట్రముగా ఏర్పడినపుడు ఈ ప్రాంతము కోరాపుట్ జిల్లాతో కూడ అందు చేరెను. 1992 అక్టోబరు 2వ తేదీన రాయగడ ప్రత్యేక జిల్లా యయ్యెను. ఎవ్వరును ఇల్లు కదల్చలేదు. నాగావళి తన దారి మార్చుకొనక యెప్పటివలెనే శ్రీకాకుళమువైపు పారుచున్నది. కాగితముమీది గీత మారినంతనే ఇంటి భాష అల్పసంఖ్యాకుల భాష యయ్యెను. పంక్తి యెక్కడ వ్రాయబడినదను విషయము మనుష్యుని బ్రతుకును ఎంత మార్చునో దీనికంటె మంచి నిదర్శనము మనకు దొరకదు.

ఇపుడు మేము ప్రస్తావింపదలచినది మరియొక రిజిస్టరు. అది బడిలోని కంప్యూటరులో కంటికి కనబడక యుండునది. దానిని ‘రిజిస్ట్రీ’ యందురు. మా అభిప్రాయమును ముందే చెప్పుచున్నాము. బడి కంప్యూటర్లలో తెలుగునకు గల స్థానమును ప్రతిసారియు ఎవరో యొకరి తీరికకును దయకును విడిచిపెట్టరాదు. ఆ స్థానమును కల్పించు పనిని ఒక స్క్రిప్టుగా వ్రాసి, పరీక్షించి, బడి సొత్తుగా భద్రపరచుకొనవలెను. ఇది యంత్ర విద్యకు సంబంధించిన చిన్న విషయమని కొందరు తలపవచ్చును. కాని తెలుగు బిడ్డ తన పేరును తన లిపిలో వ్రాసికొనగలుగుట దానిపై నాధారపడి యున్నది.

ముందుగా రిజిస్ట్రీ యనగా నేమో తెలిసికొందము. విండోస్ అను నిర్వాహక వ్యవస్థ తన లెక్కలన్నియు వ్రాసికొను పుస్తకమే రిజిస్ట్రీ. 1992లో వెలువడిన విండోస్ 3.1లో అది చిన్న పుస్తకము. ఏ రకపు ఫైలును ఏ ప్రోగ్రాము తెరువవలెనను సంగతి మొదలగు కొలది విషయములే అందుండెడివి. తక్కినవన్నియు ఒక్కొక్క ప్రోగ్రామునకు ఒక్కొక్క చిన్న ఫైలుగా చెల్లాచెదరై యుండెడివి. 1993లో విండోస్ ఎన్‌టీయు, 1995లో విండోస్ 95ను వచ్చిన పిమ్మట ఆ చిల్లర లెక్కలనెల్ల ఒక పెద్ద పుస్తకమునకు ఎక్కించు పద్ధతి స్థిరపడినది. తెరపై నే రంగుండవలెను, యంత్రము లేచునపుడు ఏ ప్రోగ్రాము లేవవలెను, మీటలు నొక్కినపుడు ఏ భాష అక్షరములు పడవలెను అను సంగతులన్నిటికిని నేడు అదియే ఆకరము.

ఈ పుస్తకములోని విభాగమునకు ‘కీ’ యని పేరు. ఇది తాళపుచెవియు కాదు, కీబోర్డుమీది మీటయు కాదు. లోపల మరికొన్ని అరలు గల పెట్టెలోని అరవంటి దని తలచుడు. అరలో నుంచు చీటీని ‘వాల్యూ’ అందురు. చీటీకి ఒక పేరు, ఒక రకము, దానిలో వ్రాసిన విషయము, అను మూడును ఉండవలెను. ఈ అరల సముదాయములను దాచు ఫైళ్లకు తేనెపట్టు అను అర్థము గల ‘హైవ్’ అను పేరు పెట్టిరి. కొండలలో తేనెపట్టులు చూచిన పిల్లలకు ఆ పేరు సులభముగా గుర్తుండును. యంత్రమునకంతటికిని చెందిన పట్టులు కొన్ని. ఒక్కొక్క ఖాతాదారునకు ప్రత్యేకముగా చెందిన పట్టు వేరొకటి. ఈ భేదమును విద్యార్థులు మనసున నుంచుకొనవలెను. దానితో ముందు పని గలదు.

ఆ పుస్తకమున భాషలకు సంఖ్యలు కలవు. ఒడియా 1096, తమిళము 1097, తెలుగు 1098, కన్నడము 1099, మలయాళము 1100. మన యింటి భాషయు మన రాష్ట్రభాషయు అచ్చట నడుమ తమిళమును కూర్చుండబెట్టుకొని ఇరుగుపొరుగులుగా నున్నవి. యంత్రము ఈ సంఖ్యలను పదునారింటి లెక్కలో వ్రాసికొనును. ఆ లెక్కలో తొమ్మిది దాటిన పిమ్మట పదికి ‘ఎ’ అను రోమను అక్షరము గుర్తు. తెలుగు సంఖ్య 44, దాని ప్రక్కన ‘ఎ’. విద్యార్థులు స్వయముగా లెక్క చూచుకొనవచ్చును: 256ను 4 చేత గుణింపగా 1024, 16ను 4 చేత గుణింపగా 64, ‘ఎ’ అనగా 10, మొత్తము 1098. కీబోర్డు చీటీలో దీనికి ముందు ఐదు సున్నలు చేర్చి ఎనిమిది స్థానములుగా వ్రాయుదురు. ఖాతాదారు పట్టులో ‘కీబోర్డ్ లేఅవుట్’ అను అరయు, దాని లోపల ‘ప్రీలోడ్’ అను అరయు నుండును. ప్రీలోడ్ అరలో 1, 2, 3 అను పేర్లతో చీటీలుండును. ఖాతాదారు లోనికి ప్రవేశించు సమయమున విండోస్ ఆ చీటీలను చదివి, అందున్న భాషల మీటలను సిద్ధపరచును. తెలుగు సంఖ్య గల చీటీ లేకున్నచో ఆ ఖాతాదారునకు తెలుగు మీటలు లేవు.

తెలుగు కంప్యూటరునకు రాదను మాట చెల్లి చాలకాలమైనది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోడనే తెలుగు మీటల అమరికయు, ‘గౌతమి’ యను అక్షరరూపమును వచ్చినవి. ఒడియాకు ‘కళింగ’ యను అక్షరరూపము 2007లో విపణికి వచ్చిన విండోస్ విస్టాతో లభించెను. 2012 నాటి విండోస్ 8 మొదలు ‘నిర్మల’ యను అక్షరరూపము రెండు లిపులకును పనిచేయుచున్నది. అనగా సామగ్రి యింటిలోనే యున్నది. గాదెలో ధాన్యముండియు గాదె తలుపు తీయువారు లేక పస్తుండినట్లు, చీటీ వ్రాయువారు లేకనే బిడ్డలు రోమను అక్షరములలో తెలుగు వ్రాయుచున్నారు. అట్లు వ్రాసి వ్రాసి ‘ళ’కును ‘ల’కును, ‘ణ’కును ‘న’కును భేదము మరచుచున్నారు. తెలుగున దీర్ఘము మారిన అర్థమే మారును గదా! అట్టి భేదములు రోమను వ్రాతలో నిలువవు. బడిలో తెలుగు నేర్పుచు, బడి యంత్రమున తెలుగు వ్రాయు వీలు కల్పింపకుండుట, నాగలి యిచ్చి కొఱ్ఱు దాచుటవంటిది.

చీటీని చేతితో వ్రాసిన పోదా యని యడుగవచ్చును. వ్రాయవచ్చును; ఒక్క యంత్రమున ఒక్క ఖాతాకు అది ఐదు నిమిషముల పని. పది యంత్రములును, ఒక్కొక్కదానిలో ముప్పది ఖాతాలును ఉన్నవనుకొనుడు. మూడువందల మార్లు ఐదు నిమిషములనగా ఇరువదియైదు గంటలు. అంత తీరిక యే ఉపాధ్యాయునకు గలదు? ఉన్నను, నూరవ ఖాతా నాటికి చేయి తప్పును. ఒకచోట సున్న తగ్గును, ఒకచోట చీటీ రకము మారును. ప్రీలోడ్ చీటీలు అక్షరరూపమున వ్రాయవలసినవి. సంఖ్యారూపపు రకముగా వ్రాసినచో పని జరుగదు. అంతయు సరిగా చేసినను, యంత్రము చెడి విండోసును మరల ఎక్కించిన దినమున పుస్తకము క్రొత్తదగును. పాత చీటీలేవియు అందుండవు. విండోస్ 10కి మైక్రోసాఫ్టు వారి సాధారణ సంరక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. అందుచేత అనేక చోట్ల యంత్రములను మార్చుటయో, వ్యవస్థను తిరిగి ఎక్కించుటయో జరుగుచున్నది. చేతితో చేసిన యేర్పాటు ఇట్టి వేళలందే మాయమగును.

స్క్రిప్టు అనగా ఆ పనినే మాటలలో వ్రాసిన ఆజ్ఞాపత్రము. అది సామాన్యమైన వ్రాత ఫైలు. నోటుబుక్కువలె తెరచి చదువవచ్చును. రిజిస్ట్రీలో అర కల్పించుటకు మూడు మార్గములు వాడుకలో నున్నవి. అరల పేర్లను చీటీలను వరుసగా వ్రాసియుంచిన ‘రెగ్’ ఫైలు మొదటిది. ‘రెగ్ యాడ్’ అను ఆజ్ఞ రెండవది. నడుమ లేని అరలున్నచో అది తానే కల్పించుకొనును, ఉన్న చీటీమీద తిరుగ వ్రాయవలసి వచ్చినపుడు సామాన్యముగా ముందు అడుగును. 2006లో వచ్చిన పవర్‌షెల్ మూడవది. అది రిజిస్ట్రీని ఒక డిస్కువలె చూపును. ఏ మార్గమున పోయినను క్రమము ఒక్కటే. మొదట ఉన్న అరకు నకలు తీసి వేరుగా నుంచవలెను. పిదప వ్రాయదలచిన అర యున్నదో లేదో చూడవలెను. లేకున్న కల్పింపవలెను. అప్పుడు చీటీ వ్రాయవలెను. చివరకు వ్రాసిన చీటీని తిరిగి చదివి సరిచూడవలెను. దస్తావేజు వ్రాయించుకొనిన రైతు దానిని మరల చదివించుకొని విని గాని వ్రేలిముద్ర వేయడు గదా!

ఇందు రెండవ మెట్టును, అనగా ముందు చూచుటను, విడువరాదనుటకు బలమైన కారణము కలదు. పవర్‌షెల్‌లో అర కల్పించు ఆజ్ఞకు ‘న్యూ-ఐటమ్’ అని పేరు. పై అరలు లేనిచోట అది పని చేయక ఆగిపోవును. ఆగకుండుటకై ‘ఫోర్స్’ అను మాట చేర్చు అలవాటు గలదు. ఫోర్స్ అనగా బలవంతము. ఆ మాట చేర్చినచో లేని పై అరలన్నియు కల్పింపబడును. కాని కల్పింపదలచిన అర ముందే యున్నచో, దానిని లోపలి చీటీలతో సహా తుడిచి ఖాళీ అరగా నిలుపును. తెలుగు చేర్చబోయి, ఉన్న ఒడియా చీటీని పోగొట్టుట ఇట్లే జరుగును. కావున ‘టెస్ట్-పాత్’ అను ఆజ్ఞచే ముందు చూచి, లేనిచోటనే కల్పింపవలెను. రిజిస్ట్రీని దిద్దు ప్రోగ్రామున చేసిన తప్పును వెనుకకు తీసికొను సౌకర్యము లేదు. తీసియుంచిన నకలే దిక్కు. మన చోటు సంపాదించుకొనుటకు పొరుగువాని చోటు చెరపనక్కరలేదని ఈ చిన్న సూత్రము బోధించుచున్నది. ఆ బుద్ధి యంత్రము వెలుపలను అవసరమే.

ఇక ఇందాక మేము గుర్తుంచుకొనుమని చెప్పిన భేదమునకు వత్తము. ప్రీలోడ్ అర ఖాతాదారు పట్టులోనిది. సాంకేతిక పనివాడు తన ఖాతానుండి స్క్రిప్టును నడిపినచో తెలుగు అతని ఖాతాకే వచ్చును; విద్యార్థుల ఖాతాలకు రాదు. అతడు పరీక్షించి చూచుకొనును, తెలుగు కనబడును, పని ముగిసినదని సంతకము చేసి వెళ్లును. మరునాడు పిల్లవాడు తన పేరుతో ప్రవేశింపగా ఏమియు నుండదు. దీనికి మందు కలదు. క్రొత్త ఖాతా పుట్టునపుడు విండోస్ ‘డీఫాల్ట్’ అను మాదిరి ఖాతా పట్టునుండి నకలు తీసి ఇచ్చును. ఆ మాదిరి పట్టును తెరచి, అందు తెలుగు చీటీ వ్రాసి, మరల మూసినచో, ఆ పిమ్మట పుట్టు ప్రతి ఖాతాయు తెలుగుతోనే పుట్టును. అంతకు మునుపే యున్న ఖాతాలకు వారి ప్రవేశ సమయమున స్క్రిప్టు నడచునట్లు ఏర్పాటు చేయవలెను. రిజిస్ట్రీలో ‘డాట్ డీఫాల్ట్’ అను పేరు గల అర మరియొకటి కలదు. అది మాదిరి ఖాతా కాదు, వ్యవస్థ తన సొంతపనికై ఉంచుకొనిన ఖాతా. పేరు చూచి అందు వ్రాసి మోసపోవువారు పెక్కుమంది.

రాజ్యాంగ విషయమునను ఇట్టి భేదమే కలదని పెద్దలు గమనింపగలరు. 1956లో ఏడవ సవరణచే 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన సౌకర్యములు కల్పింప రాష్ట్రములు యత్నింపవలెనని అది చెప్పుచున్నది. 350-బి అధికరణము ఆ విషయమై ప్రత్యేకాధికారిని ఏర్పరచుచున్నది. దేశమునకు చెందిన పెద్ద పట్టులో ఆ పంక్తి వ్రాయబడి డెబ్బది యేండ్లు కావచ్చుచున్నది. అది ఒక్కొక్క బిడ్డ ఖాతాకు దిగి వచ్చినదా యని చూచువారు ఒక్కొక్క ఊరిలో నుండవలెను. పై పుస్తకమున నున్నంత మాత్రమున క్రింది గడి తనంతట తాను నిండదు.

ప్రీలోడ్ అరలోని చీటీల వరుస విషయమై ఒక మాట. 1 అను చీటీలోనిది మొదటి భాష. యంత్రము దానితోనే ప్రారంభించును. తెలుగునకు ఆ మొదటి చోటే కావలెనని పట్టుపట్టుట మాకు సమ్మతము కాదు. సంకేతపదములు తరచుగా రోమను అక్షరములలో నుండును; ఒడియాలో చేయవలసిన పనియు బడిలో నుండును. రెండవ చోటో మూడవ చోటో చాలును. విండోస్ మీటయు ఖాళీ మీటయు కలిపి నొక్కినచో భాష మారును. కావలసినది చోటుండుట, అది ముందుదా వెనుకదా యనునది ఖాతాదారు ఇష్టము. పైగా తెలుగు మీటలు నేర్చినవానికి ఒడియా మీటలు దాదాపు వచ్చినట్లే. 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ నిర్ణయించినదియు, 1991లో భారతీయ ప్రమాణమున చేరినదియు నగు ‘ఇన్‌స్క్రిప్ట్’ అమరికలో ఒక ధ్వనికి అన్ని భారతీయ లిపులలోను ఒకే మీట. రోమను ‘కె’ యని ముద్రించిన మీటను నొక్కినచో తెలుగున తెలుగు ‘క’, ఒడియాలో ఒడియా ‘క’ పడును. ‘హెచ్’ మీటపై రెండింటను ‘ప’. ఒక సాధనతో రెండు లిపులు చేతికి వచ్చుచుండగా, తెలుగు నేర్చిన ఒడియాకు భంగమను భయమునకు చోటెక్కడిది?

రిజిస్ట్రీ ప్రమాదకరము, పిల్లలను దాని దరికి పోనీయరాదని కొందరు పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో సత్యము కలదు. రెగ్ ఫైలులో అర పేరునకు ముందు ఒక్క తీసివేత గుర్తు పడినచో ఆ అర తొలగిపోవును. యంత్రమునకంతటికిని చెందిన పట్టులలో పొరపాటు వ్రాత పడినచో యంత్రము లేవకయు పోవచ్చును. కాని పొయ్యి కాల్చునని వంట మానుదుమా? తెలియని స్క్రిప్టును తెచ్చి నడుపుటయే పెద్ద ప్రమాదము. చదివి, ప్రతి పంక్తికి అర్థము చెప్పగలిగిన స్క్రిప్టు రక్షణము. అంతేకాక, నేరుగా పుస్తకమును ముట్టనక్కరలేని చోట ముట్టకుండుట మేలు. విండోస్ 8 నుండి ఖాతాదారు భాషల పట్టిక వేరుగాను ఉన్నది. దానిని మార్చుటకు ‘సెట్-విన్‌యూజర్‌లాంగ్వేజ్‌లిస్ట్’ అను ఆజ్ఞ కలదు. క్రొత్త యంత్రములలో ఖాతాదారు భాషలకు అదియే మంచి మార్గము. అయితే ఆ ఆజ్ఞయు పట్టికను పూర్తిగా క్రొత్తదిగా వ్రాయును. ముందు ఉన్న పట్టికను తెచ్చుకొని, దానికి తెలుగును చేర్చి, అప్పుడు వ్రాయవలెను. ఏ దారిని పోయినను ముందు చూచి పిదప వ్రాయవలెనను సూత్రము తప్పదు.

సెల్‌ఫోనులలో తెలుగున్నది గదా, కంప్యూటరుతో పనియేమి యను వాదమును వినబడుచున్నది. ఫోనులో మాటలాడుకొనవచ్చును, సందేశము పంపవచ్చును. వ్యాసము, లేఖ, ప్రశ్నపత్రము, ఈ పత్రికవంటి పత్రిక, ఇవి కంప్యూటరుముందు కూర్చుండి చేయు పనులు. బడి పత్రికకు తెలుగు అక్షరములు కూర్చగల విద్యార్థి పదిమంది మాటను అచ్చునకు ఎక్కింపగలడు. అది రేపు జీవనోపాధియు కావచ్చును.

స్క్రిప్టు వ్రాయబూను పెద్ద తరగతుల విద్యార్థులకు ఒక హెచ్చరిక. స్క్రిప్టులో తెలుగు మాటలు వ్రాయదలచినచో ఫైలును దాచు పద్ధతి చూచుకొనవలెను. తెలుగు విలువలు గల రెగ్ ఫైలును యూటీఎఫ్-16 పద్ధతిలో దాచవలెను. విండోసుతో వచ్చు పవర్‌షెల్ 5.1 తెలుగును సరిగా చదువుటకు ఫైలును యూటీఎఫ్-8లో మొదటి గుర్తుతో కూడ దాచవలెను. లేనిచో అక్షరములు అర్థములేని చుక్కలు గీతలుగా మారును. మంచి అలవాటు మరియొకటి: బడి పేరుతో ఒక సొంత అర కల్పించి, స్క్రిప్టు ఏ తేదీన నడచినదో, ఎన్నవ ప్రతియో అందు చీటీ వ్రాయించుట. తరువాత వచ్చువారికి అది గుర్తుగా నుండును.

మన పంక్తి కోరు మనము, పంక్తియే లేనివారిని మరువరాదు. నియమగిరి చుట్టుపట్ల కొండలలో కువి మాటలాడు కోందు బిడ్డలు మన బడులలోను చదువుచున్నారు. కువి మన తెలుగుతో కూడ మధ్య దక్షిణ ద్రావిడ శాఖకు చెందినది. భాషావంశమున దగ్గరి చుట్టమే. ఆ భాషకు విండోస్ పట్టికలో ప్రత్యేకమైన సంఖ్య లేదు. ఒడిశాలో దానిని ఒడియా లిపిలోను, ఆంధ్రలో తెలుగు లిపిలోను వ్రాయుచున్నారు. అనగా మనము వ్రాయు స్క్రిప్టులో ఒడియా, తెలుగు చీటీలు రెండును ఉన్నచో కువి బిడ్డకును తన యింటి పాటను, తన అవ్వ చెప్పిన కథను వ్రాసికొను మీటలు దొరకును. గుణుపురము ప్రాంతపు సవరల సంగతి చూడుడు. 1936లో మంగేయ్ గొమాంగో కల్పించిన సొరా సొంపెంగు లిపి 2012లో యూనికోడు ప్రమాణమున చేరినది. డెబ్బదియారు సంవత్సరములు పట్టినను పంక్తి పడినది. పర్లాకిమిడిలో నుండి సవర భాషను నేర్చి, దానికి నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తిగారు తెలుగువారు. పొరుగు భాషకు పుస్తకమున చోటు కల్పించుట మనకు క్రొత్త కాదు.

తల్లిదండ్రులకు మా మనవి. మీరు బడికి వచ్చినపుడు మార్కులతోపాటు ఈ సంగతియు విచారింపుడు. మీ బిడ్డను తన ఖాతాలో ప్రవేశించి తన పేరు, ఊరి పేరు తెలుగున వ్రాసి చూపుమని అడుగుడు. ఉపాధ్యాయుని ఖాతాలో చూపిన చాలదు. బిడ్డ ఖాతాలోనే చూడుడు. వ్రాయలేకపోయినచో ఎవరిని నిందింపను వలదు. తెలుగు, ఒడియా చీటీలు రెండును వ్రాయు స్క్రిప్టు బడిలో నున్నదా, ఎవరియొద్ద నున్నది, తుదిసారి యెప్పుడు నడిపిరి అని మర్యాదగా నడుగుడు. లేనిచో వ్రాయించుడని కోరుడు.

విద్యార్థులకు మా సలహా. ముందు ఒక్క యంత్రమున, ఉపాధ్యాయుని యెదుట, నకలు తీసి పరీక్షింపుడు. సరియని తేలిన స్క్రిప్టును ఒక ప్రతి బడి యంత్రమునను, ఒక ప్రతి పెన్‌డ్రైవులోను, ఒక ప్రతి కాగితముపై అచ్చు తీసి ప్రధానోపాధ్యాయుని బీరువాలోను ఉంచుడు. 2017 జూలైలో నాగావళి, కల్యాణి నదులు పొంగి కల్యాణసింగ్‌పూరును ముంచిన వరదను పెద్దలు మరువలేదు. యంత్రము తడిసిన పోవును. ఒక పుటకు మించని ఆ వ్రాత ఎత్తైన చోట నున్నచో క్రొత్త యంత్రము వచ్చిన దినముననే తెలుగును ఒడియాతోపాటు దానిలో కూర్చుండబెట్టవచ్చును. ఆ పుటకు పైభాగమున ప్రతి పంక్తి యేమి చేయునో తెలుగున వ్రాసియుంచుడు. మీరు పై చదువులకు వెళ్లిన పిమ్మట దానిని నడుపవలసినది మీ తమ్ములును చెల్లెండ్రును గదా.